తారు చల్లారకముందే

తారు మరుగుతున్నప్పుడు పొయ్యి ముందు నుంచి లేవకూడదు. లేస్తే పొంగుతుంది, పొంగితే అంటుకుంటుంది. అందుకని తారన్న పొయ్యి ముందు కూర్చున్నాడంటే ఎవరు పిలిచినా పలకడు. ఉలకడు పలకడు అని ఊళ్ళో అతనికి పేరు పడిపోవడానికి సగం కారణం ఆ పొయ్యి. మిగతా సగం అతనే.

చెక్క పడవలకు పలకల మధ్య అతుకులుంటాయి. ఆ అతుకుల్లో నూలుతాడు పెట్టి, మొద్దు ఉలి ఆనించి, కొయ్య సుత్తితో కొట్టి కూరాలి. దాని మీద మరిగిన తారు పొయ్యాలి. వేడిగా ఉంటేనే తారు లోపలికి దిగుతుంది. చల్లారితే పైపైన అట్టకట్టి, పడవ నీళ్ళలోకి దిగిన మర్నాడే పెచ్చులుగా ఊడిపోతుంది. తారన్న తండ్రి చేసిన పని అది, తారన్న చేస్తున్న పనీ అదే. అసలు పేరు ఇంట్లోవాళ్ళకే సరిగా గుర్తులేదు.

ఇసుక మీద పొయ్యి పెట్టకూడదన్నది ఆ ఒడ్డున పడవలవాళ్ళ కట్టుబాటు. ఎప్పుడో ఒకసారి గాలికి నిప్పురవ్వ లేచి వలలూ పడవలూ కాలిపోయాయట. అప్పట్నుంచీ నిప్పు ఊళ్ళోనే ఉండాలి, తారు మాత్రమే ఒడ్డుకు పోవాలి. దాని వెనకే ఇంకో అలవాటు వచ్చింది. తారు డబ్బా మోసుకుపోయేవాడిని ఎవరూ ఆపరు, పలకరించరు. ఎదురొచ్చినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా గోడకు ఆనుకుని నిలబడతారు. నెత్తిన గంప ఉన్న ఆడమనిషి కూడా పక్కకు ఒదుగుతుంది. ఇందులో మర్యాదేం లేదు. కాళ్ళు కాల్చుకోవాలని ఎవరికుంటుంది.

తారన్న ఇంటి దగ్గర మొదలై ఒడ్డుకు పోయే సందు ఒకటుంది. దాన్ని ఎవరూ వెయ్యలేదు, నడవగా నడవగా పడింది. ఒకప్పుడు దానికి అటుపక్క ఐసు ఫ్యాక్టరీ గోడ, ఇటుపక్క పాడుబడిన గోదాము. రెండూ అమ్ముడుపోయి రెండు పక్కలా ఒకటే హోటల్ లేచేసరికి, సందు ఆ హోటల్ కడుపులో పడింది. వాళ్ళు కింద నున్నటి రాళ్ళు పరిచారు. గోడల వెంట పూలకుండీలు పెట్టారు. ఊరివైపు చివర ఇనప గేటు పెట్టారు, లోపలివైపు గడియతో. ఆ సందు కాదంటే ఒడ్డుకు పోవడానికి బస్టాండు మీదుగా, కాలువ వంతెన దాటి, మళ్ళీ ఇసుకలో వెనక్కి నడవాలి. ఉత్త చేతులతో పోయేవాడికి కాళ్ళు నొప్పి. తారు మోసేవాడికి పనే పాడు.

గేటు పక్కన నీడలో ఒక కుర్చీ. ఆ కుర్చీలో తారన్న తమ్ముడు.

అతన్ని అందరూ చిన్నోడంటారు. తల నెరిసిపోయినా చిన్నోడే. బతుకంతా పడవల మీద తాళ్ళు లాగి, చివరికి ఒక తాడు అతన్నే లాగేసి భుజం కీలు తప్పించింది. కట్టు కట్టారు గానీ ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు. ఇల్లు గడవడం కష్టమై కూర్చున్నప్పుడు హోటల్ వాళ్ళు పిలిచి నీలం చొక్కా, ఈల, కుర్చీ ఇచ్చారు. కూర్చుని చేసే ఉద్యోగం, అదీ నీడలో. చొక్కా వేసుకున్న మొదటి రోజు చిన్నోడి భార్య ఎవరికీ కనబడకుండా కళ్ళు తుడుచుకుంది. గేటు ఎవరి దారికి అడ్డంగా ఉందో ఆమెకు తెలియక కాదు.

ఒకే ఇల్లు, మధ్యలో ఒక గోడ. తారన్న భార్య పోయినప్పట్నుంచీ అతని తిండి తమ్ముడివైపే.

తారన్నకు ఒక చేతిలో తారు డబ్బా, రెండో చేతిలో ఉలులూ సుత్తీ తాడూ ఉన్న సంచి. రెండు చేతులూ ఖాళీ ఉండవు. అన్న రావడం చూసి చిన్నోడు గడియ తీసి, గేటు బార్లా తెరిచి, గోడకు ఆనుకునేవాడు. తారన్న ఆగకుండా, తల తిప్పకుండా వెళ్ళిపోయేవాడు. ఇద్దరికీ అందులో విశేషం ఏమీ కనబడలేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తారుకు దారి ఇస్తూనే ఉన్నారు, మధ్యలో ఇప్పుడొక గేటు వచ్చింది, అంతే.

మిగతా జనం మాత్రం మెల్లమెల్లగా మానేశారు. మొదట్లో సాయంత్రాలు ఆడవాళ్ళు ఆ సందులోంచే పోయి అలల దగ్గర కూర్చునేవారు. గేటు తీసేదీ చిన్నోడే, నవ్వుతూ తీసేవాడు. కానీ లోపల అద్దాల వెనక కాఫీ తాగేవాళ్ళు తలెత్తి చూస్తుంటే పాత చీరలతో ఆ నున్నటి రాళ్ళ మీద నడవడం వాళ్ళకు ఎలాగో ఉండేది. ఎవరూ పొమ్మనలేదు. వాళ్ళే పోవడం మానేశారు. పిల్లలు కాలువ గట్టున ఆడుకోవడం మొదలుపెట్టారు. ఆఖరికి ఆ దారిన రోజూ నడిచేవాడు తారన్న ఒక్కడే మిగిలాడు.

దారి కోసం సంఘం పెట్టింది బడిలో పనిచేసి రిటైరైన మాస్టారు. మొదటి మీటింగుకు బడి వరండాలో నిలబడ్డానికి చోటు లేదు. తర్వాత బెంచీలు సరిపోయాయి. ఆ తర్వాత బెంచీలు మిగిలిపోయాయి. చివరికి మాస్టారూ తారన్నా, ఒక చేపలమ్మే ఆవిడా. ఆవిడ కూడా ఇంటికి పోతూ గంప దించుకుని నడుం వాల్చడానికి ఆగేది. మాస్టారు ఆవిడ నిద్రపోతున్నా సరే కాగితం మొత్తం చదివేవాడు.

ఒకరోజు మాస్టారు తారన్నకు అసలు సంగతి విడమరిచి చెప్పాడు. జనం ఇది మా దారే అనుకుని ఎవర్నీ అడక్కుండా నడుస్తూ ఉంటే అది జనం దారి. యజమాని దయతలిచి పోనిస్తుంటే అది యజమాని దారి, దయ తగ్గిన రోజున మూసుకుంటాడు. కాబట్టి నువ్వు నడవడం మానకు, నువ్వు మానేస్తే ఇక దారే లేదు అన్నాడు.

తారన్న తల ఊపాడు. ఊపాడే గానీ ఆ మాట మనసు మీద డబ్బాకన్నా బరువుగా కూర్చుంది. అప్పటికే చెక్క పడవలు తగ్గిపోయి ఫైబర్ పడవలు వచ్చాయి. వాటికి తారు అక్కర్లేదు. పని లేని రోజున కాళ్ళు చాపుకుని పడుకుందామంటే ఇప్పుడు కుదరదు. దారి బతకాలంటే తను నడవాలి. పని లేకపోయినా పొయ్యి వెలిగించి, అడుగున ఇంత తారు కాచుకుని, ఒడ్డుకు పోయి, ఎవరి పడవకో అడగని మరమ్మతు చేసి వచ్చేవాడు. మోకాళ్ళు అడుగడుగుకీ తిట్టేవి. ఊరందరి కాళ్ళ బదులు ఒక్కడి కాళ్ళు నడవాలంటే ఎలా, అని ఒకసారి అనుకున్నాడు. అనుకుని, ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

మాస్టారు పెట్టిన అర్జీ మీద విచారణ పట్నంలో ఒక ఆఫీసులో జరిగింది. మెట్లెక్కి పైకి పోతే పొడుగాటి గది, గోడకు ఆనించి బెంచీ, బల్ల మీద మూతపెట్టిన నీళ్ళ జగ్గు. కిటికీ రెక్క ఒకటి ఊడి తాడుతో కట్టి ఉంది. ఆఫీసరు కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, కళ్ళు నులుముకుంటూ విన్నాడు. అతను కూడా ఏ పొద్దుటినుంచి వింటున్నాడో, పాపం.

హోటల్ తరఫు లాయరు చాలా నెమ్మదస్తుడు. తారన్నకు కుర్చీ వేయించి మరీ అడిగాడు.

"గేటు ఎవరు తీస్తారు పెద్దయ్యా?"

"మా తమ్ముడు."

"మీరు తియ్యమంటే తీస్తాడా, అడక్కుండానే తీస్తాడా?"

"అడక్కుండానే."

"ఒకవేళ తియ్యకపోతే?"

తారన్న ఆలోచించాడు. అలాంటిది ఎప్పుడూ జరగలేదు.

"తీస్తాడు," అన్నాడు.

వెనక బెంచీ మీద మాస్టారు గట్టిగా ఊపిరి వదలడం వినపడింది. లాయరు నవ్వలేదు కూడా. ఫొటోలు తీసి బల్ల మీద పరిచాడు. గేటు మీది కెమెరాలో పడినవి. ప్రతిదాంట్లోనూ చిన్నోడు గేటు పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు, నవ్వు మొహంతో. ప్రతిదాంట్లోనూ తారన్న లోపలికి పోతున్నాడు. ఇదండీ మా యాజమాన్యం సహృదయం, ఊరివాళ్ళని మేం ఏనాడూ ఆపలేదు, మా మనిషి చేత దగ్గరుండి గేటు తీయించి పంపుతున్నాం అన్నాడు లాయరు.

చెప్పాల్సిన మాట తారన్నకు తిరుగు బస్సెక్కాక తోచింది. వాడు నన్ను పోనివ్వలేదయ్యా, తారుకు దారి ఇచ్చాడు, ఆ ఒడ్డున ఎవరైనా ఇస్తారు, నువ్వు వచ్చినా ఇస్తావు, అని చెప్పి ఉండాల్సింది. నీళ్ళు పల్లానికి పోతాయని ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు కదా, అలాగే ఇదీ చెప్పాల్సిన సంగతని అక్కడ తట్టలేదు. మాస్టారు పక్క సీట్లో కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తానన్నాడు, అదొక్కటే మిగిలింది అని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రం అన్నదమ్ములిద్దరూ అన్నం ముందు కూర్చున్నారు. చిన్నోడు మంచి హుషారుగా ఉన్నాడు. మేనేజరు ఆ రోజు తనని పిలిచి మెచ్చుకున్నాడట. ఎవరొచ్చినా నవ్వుతూ గేటు తియ్యి, ముఖ్యంగా మీ అన్నయ్య వస్తే లేచి నిలబడి తియ్యి, పెద్దవాళ్ళని గౌరవించాలి అన్నాడట. అంత మంచి మనిషిని ఊరంతా ఆడిపోసుకుంటున్నారని చిన్నోడి బాధ.

తారన్న ముద్ద మింగి నీళ్ళు తాగాడు.

"రేపట్నుంచి నాకు గేటు తియ్యకు."

చిన్నోడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఎందుకూ?"

మాస్టారు చెప్పిందీ లాయరు అడిగిందీ ఫొటోలూ, అన్నీ తారన్న తనకు చేతనైనంతలో చెప్పాడు. ఏడాదిలో మాట్లాడే మాటలన్నీ ఆ పూటే అయిపోయినట్టనిపించింది. చిన్నోడు విన్నాడు. మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది.

"అంటే నేను నవ్వుతూ నీ దారి అమ్మేశానన్నమాట."

"అలా అన్లేదు."

"అనక్కర్లేదులే. చేతిలో మరిగే తారుతో నువ్వు గేటు బయట నిలబడితే నేను కుర్చీలో కూర్చుని చూడాలి. అంతేగా?"

"చూడు."

చిన్నోడి భార్య గిన్నె కింద పెట్టింది. బావగారికి ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. అందుకని గిన్నెతో చెబుతున్నట్టు దాన్నే చూస్తూ చెప్పింది.

"తీస్తే దారి పోతుందంటారు. తియ్యకపోతే ఈయన ఉద్యోగం పోతుంది. నేను ఏది పోవాలని దండం పెట్టుకోను బావగారూ?"

ఆమె అడిగినది న్యాయమే. ఇంకో గరిటె కూర వేసి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. అన్నదమ్ములు తిన్నంత తిని లేచారు.

మర్నాటినుంచి చిన్నోడు కుర్చీలోంచి లేవలేదు. అన్న వస్తున్నట్టు కనబడగానే చెప్పుకేసి చూసుకునేవాడు, ఆకాశంకేసి చూసేవాడు, ఈల తీసి చొక్కాతో తుడిచేవాడు. తారన్న సంచి కింద పెట్టి, డబ్బా కింద పెట్టి, ఊచల మధ్య నుంచి చెయ్యి దూర్చి, గడియ వెతుక్కుని లాగేవాడు. గడియ లోపలి మనిషి చేతికి అమరేలా పెట్టింది. బయటి మనిషి మణికట్టు ఒరుసుకుపోయేది. గేటు తోసి, మళ్ళీ డబ్బా ఎత్తి, సంచి ఎత్తి, నడుం పట్టేస్తే నిలబడి, అప్పుడు కదిలేవాడు. ఈలోగా తారు మీద పల్చగా తోలు కట్టేది.

ఒక పడవకు పోసిన తారు అట్టకట్టి ఊడిపోయింది. పడవ అతను ఇంటికొచ్చి, పెద్దవాడివైపోయావు తారన్నా, చేతి వాటం తప్పుతోంది, వచ్చే సీజనుకు నేనూ ఫైబర్‌కి మారతాను అన్నాడు. తారన్న కారణం చెప్పలేదు. చెబితే తమ్ముడి మీదికి వెళ్తుంది.

అక్కడ చిన్నోడికీ తలనొప్పులు మొదలయ్యాయి. కెమెరాలో అంతా కనబడుతుంది కదా. మేనేజరు పిలిచి, ఇంట్లో గొడవలుంటే ఇంట్లో చూసుకో, గేటు దగ్గర కాదు అన్నాడు. రెండోసారి పిలిచినప్పుడు కూర్చోమనలేదు. ఆఫీసరు వచ్చే రోజున మీ అన్నయ్యకి నువ్వు లేచి గేటు తియ్యకపోతే, ఆ కుర్చీలో కూర్చోడానికి చాలామంది ఉన్నారు అన్నాడు. ఈ సంగతి చిన్నోడు అన్నకు చెప్పలేదు. భార్యకు చెప్పాడు. గోడ పల్చనిది కాబట్టి తారన్న విన్నాడు.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున తారన్న పొయ్యి ముందు చాలాసేపు కూర్చున్నాడు. తారు ఇంకా గట్టిగానే ఉంది. ఈ పూటకు పడుకుండిపోతే? ఒంట్లో బాగాలేదంటే ఎవరు కాదంటారు, నిజంగానే బాగాలేదు కూడా. దారి పోతుంది, తమ్ముడి కుర్చీ మిగులుతుంది. వంతెన మీదుగా ఎన్నాళ్ళు పోవాలి, పడవలే అయిపోతున్నాయి. ఇంకో నాలుగు రోజులైతే తారుతో ఎవరికీ పని ఉండదు. ఇలా అనుకుంటూనే పుల్లలు ఎగదోశాడు. తారు అంచుల దగ్గర కరిగి మెరవడం మొదలుపెట్టింది. ఒకసారి కరిగిందంటే దాన్ని వదిలిపెట్టి లేవడం అతనికి రాదు.

గోడ అవతల మరదలి గొంతు వినబడింది. "బావగారు డబ్బా పొయ్యి మీంచి దించారండీ," అంది భర్తతో. చిన్నోడు ఏమన్నాడో వినపడలేదు. చెప్పుల చప్పుడు గేటువైపు పోయింది.

సందు మొదట్లో అప్పటికే మనుషులున్నారు. ఆఫీసరు ఫైలు చంకలో పెట్టుకుని గేటు లోపల నిలబడ్డాడు. పక్కన తెల్ల బూట్ల మేనేజరు, లాయరు. గేటు బయట మాస్టారు ఒక్కడే ఒక పక్కగా ఉన్నాడు, కాగితాల సంచి గుండెలకు అదుముకుని. గేటుకు ఆ పొద్దునే కొత్త బోర్డు కట్టారు, 'ఊరివారికి మా స్వాగతం' అని. దాని చుట్టూ రంగుల బల్బులు. మాస్టారు ఆ బోర్డును చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. అక్షరాలు మారలేదు.

తారన్న నడిచి వచ్చాడు. ఒక చేతిలో డబ్బా, పిడికి గోనె ముక్క చుట్టి ఉంది. రెండో చేతిలో సంచి. తారు నుంచి పొగ లేస్తోంది.

చిన్నోడు కుర్చీలో ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద.

"లేవయ్యా, మీ అన్నయ్యగారొస్తున్నారు, గేటు తియ్యి," అన్నాడు మేనేజరు తియ్యగా.

చిన్నోడు కదల్లేదు.

"నీకే చెప్పేది."

చిన్నోడు తలెత్తి అన్నకేసి చూడలేదు, మేనేజరుకేసి చూశాడు. మాట అందరికీ వినబడింది.

"మా అన్నయ్యని పోనివ్వడానికి నేనెవర్ని సార్?"

ఆఫీసరు ఫైలు చంకలోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. మేనేజరు నవ్వు చెదరనివ్వకుండా తనే గడియ మీదికి చెయ్యి చాపబోయాడు. అప్పటికే తారన్న సంచి దించాడు, డబ్బా దించాడు, ఊచల మధ్య నుంచి చెయ్యి దూర్చాడు. ఒరుసుకుపోయిన మణికట్టు, నల్లటి వేళ్ళు, గడియ మీద ఆ చెయ్యి. మేనేజరు తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దాన్ని ముట్టుకోవడం ఇష్టం లేక తీసుకున్నాడో, ఎందుకు తీసుకున్నాడో.

గడియ వచ్చింది. తారన్న గేటును మోకాలితో తోశాడు. బోర్డు గోడకు కొట్టుకుని పక్కకు ఒరిగింది. డబ్బా ఎత్తుకున్నాడు, సంచి ఎత్తుకున్నాడు. నడుం పట్టేస్తే కాసేపు నిలబడ్డాడు. ఎదురుగా సందుకు అడ్డంగా ఆఫీసరూ లాయరూ మేనేజరూ.

"తప్పుకోండి," అన్నాడు తారన్న. "తారు."

గట్టిగా కూడా అనలేదు. తెలియనివాళ్ళు ఎదురైతే ఎలా అంటాడో అలాగే అన్నాడు. లాయరు కుండీల మధ్యకు జరిగాడు. ఆఫీసరు ఫైలు పొట్టకు అదుముకుని గోడకు అతుక్కుపోయాడు. మేనేజరు ఆఖర్న జరిగాడు, అందుకని ఒక చుక్క అతని తెల్ల బూటు మీద పడింది. చిన్నోడు అప్పటికే కుర్చీతో సహా గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎప్పుడు జరిగాడో ఎవరూ చూడలేదు. తారన్న వాళ్ళ మధ్య నుంచి తల తిప్పకుండా వెళ్ళిపోయాడు.

ఆఫీసరు అతని వెనకే ఒడ్డుదాకా వచ్చాడు. బోర్లించిన పడవ పక్కన నిలబడి, తాడు కూరడం, సుత్తితో కొట్టడం, తారు పోసి కుంచెతో లాగడం, అంతా చూశాడు. ఎండ ఎక్కింది. నిలబడలేక పక్క పడవ అంచున కూర్చున్నాడు. అక్కడ నిన్నటి తారు ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.

"ఈ దారి లేకపోతే ఏం చేస్తారు పెద్దయ్యా?"

తారన్న కుంచె ఆపకుండానే చెప్పాడు. "వంతెన మీదుగా రావాలి. వచ్చేసరికి గడ్డకడుతుంది."

"మీకు దారి ఇచ్చేందుకు వాళ్ళకి అభ్యంతరం ఉన్నట్టు లేదే. మీరే వద్దంటున్నారు."

బస్సులో తోచిన మాట ఇప్పుడు చెప్పొచ్చు. తారన్న నోరు తెరిచాడు. అతుకు చివర తారు ఆగిపోబోతోంది, దాన్ని ముందుకు లాగి, అది దిగేదాకా చూశాడు.

"ఇందాక మీరు గోడకు జరిగారు కదండీ. నాకు ఏమైనా ఇచ్చాననుకుని జరిగారా?"

ఆఫీసరు సముద్రం చూసి, లేచి, ప్యాంటు వెనక అంటుకున్నదేదో తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

చిన్నోడి ఉద్యోగం ఆ మధ్యాహ్నమే పోయింది. నీలం చొక్కా విప్పి ఇచ్చెయ్యాలి కాబట్టి, భార్య ఇంటి నుంచి ఒక పాత చొక్కా పట్టుకెళ్ళింది. సాయంత్రం ముగ్గురికీ కంచాలు పెట్టింది. చిన్నోడి కంచంలో, తారన్న కంచంలో సమానంగా కూర వేసింది. తారన్న తినలేక కాసేపు కెలికాడు.

"తినండి బావగారూ," అంది. "రేపు మళ్ళీ మొయ్యాలిగా."

ఉత్తర్వు వానలు వెనకబట్టాక వచ్చింది. మాస్టారు వరండాలో నిలబడి చదివాడు. ఈసారి జనం వచ్చారు, వరండా నిండలేదు గానీ బెంచీలు నిండాయి. ఆ దారిన పోయే మనిషి ఎవరి అనుమతీ కోరలేదు, ఎదురుపడినవారందరూ, హోటల్ సిబ్బందితో సహా, వారంతట వారే తప్పుకున్నారు, కాబట్టి అది జనం దారి అని రాసి ఉంది. గేటు తీసెయ్యాలి. చేపలమ్మే ఆవిడ నిద్ర లేచి, ఇదిగో ఈ ఒక్క ముక్క కోసం ఇన్నాళ్ళు చదివావా మాస్టారూ అంది. అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, నవ్వు అయిపోయాక, హోటల్ వాళ్ళు పై కోర్టుకు వెళ్తున్నారట అన్నాడు. మళ్ళీ మొదట్నుంచీనా అని ఎవరో అడిగారు. మాస్టారు కాగితం మడత పెట్టుకున్నాడు.

గేటు రెక్కలు ఊడదీశారు గానీ తీసుకుపోలేదు. సందులోనే గోడకు ఆనించి పెట్టారు, రేపో మాపో మళ్ళీ బిగించాల్సినవాటిలా. స్తంభాలు అలాగే ఉన్నాయి. కుర్చీ లేదు.

చిన్నోడికి వేరే పని దొరకలేదు. ఖాళీగా ఉండలేక పొద్దున్నే వచ్చి పొయ్యి దగ్గర కూర్చునేవాడు. ఒకరోజు లేచి, అడక్కుండా ఉలుల సంచి తీసి బాగున్న భుజానికి తగిలించుకున్నాడు. తారన్న చూశాడు. డబ్బా ఎత్తుకుని నడిచాడు. రెండో చెయ్యి ఇన్నేళ్ళలో మొదటిసారి ఖాళీగా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుం మీద వేసుకున్నాడు.

స్తంభాల దగ్గరికొచ్చేసరికి కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఒంగి డబ్బా కింద పెట్టబోయాడు.

"ఏంటన్నయ్యా?" అన్నాడు వెనక నుంచి చిన్నోడు.

తారన్న ఒంగినవాడు ఒంగినట్టే ముందుకు చూశాడు. గేటు లేదు. చెయ్యి దూర్చడానికి ఊచలు లేవు. హోటల్లో దిగినవాళ్ళెవరో ఒక ఆడమనిషి, తడి జుట్టుతో సముద్రం వైపు నుంచి వస్తోంది. పొగ లేస్తున్న డబ్బాను చూసి, ఎవరూ చెప్పకుండానే కుండీ పక్కకు ఒదిగి నిలబడింది.

"ఏం లేదు," అన్నాడు తారన్న, నడుం నిలబెట్టుకుంటూ.

"అయితే నడువు. తోలు కట్టేస్తుంది."

నడిచాడు.